వీసా బేరం పక్కన పెట్టు, ముందు పైపు మీద రూట్ నేర్చుకో

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది సోంపేట దగ్గర పల్లె. టెన్త్ పాసయ్యాను, ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఏడాదిగా మావయ్య గ్రిల్స్ షాపులో పని చేస్తున్నాను. గేట్లు, కిటికీ గ్రిల్స్ సొంతంగా వెల్డింగ్ చేయగలను. మా ఊళ్లో చాలామంది గల్ఫ్‌లో ఆర్గాన్ వెల్డర్లు. ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల్లో 6జీ నేర్పించి, అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చి, వీసా కూడా తెప్పిస్తామంటున్నారు. అంతా కలిపి 1,80,000. పదివేలు అడ్వాన్సు కట్టాం. మిగతాదానికి అమ్మ తన గొలుసు తాకట్టు పెడతానంటోంది. నాన్నకు కిడ్నీ జబ్బు, తోట పని చేయలేకపోతున్నారు. ఐటీఐలో చేరితే ఏడాది వృథా అని షాపుకి వచ్చేవాళ్లంతా అంటున్నారు. మావయ్యేమో షాపులోనే ఉండిపొమ్మంటున్నాడు. అమ్మకి నా కళ్ల గురించి భయం. ఏం చేయమంటారు?

సమాధానం:

తమ్ముడూ, గొలుసు తాకట్టు పెట్టనివ్వకు. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం, ఈ ఒక్క మాట మాత్రం ఈ రోజే అమ్మకి చెప్పు.

ఆ 1,80,000 బేరంలో శిక్షణ, సర్టిఫికెట్, వీసా మూడూ కలిపేసి ఒకే రేటు చెబుతున్నారు. కలిపి చెప్పడం వల్ల దేనికి ఎంత తీసుకుంటున్నారో నీకు తెలియదు. రేపు వీసా రాకపోతే శిక్షణ ఇచ్చాం కదా అంటారు. శిక్షణ బాగాలేదని అడిగితే వీసా వస్తుంది కదా, ఆగు అంటారు. మూడింటినీ విడదీసి చూద్దాం.

ముందు సర్టిఫికెట్. 6జీ అనేది కోర్సు పేరు కాదు, టెస్టులో పైపును బిగించే పద్ధతి. పైపును 45 డిగ్రీల వాలులో, కదలకుండా బిగిస్తారు. పైపును తిప్పకూడదు, నువ్వే దాని చుట్టూ తిరిగి జాయింట్ పూర్తి చేయాలి. ఒకే జాయింట్‌లో తలకిందుల వెల్డింగ్, నిలువు, అడ్డం అన్నీ వచ్చేస్తాయి కాబట్టి, ఇందులో పాసైనవాడు మిగతా పొజిషన్లలోనూ చేయగలడని లెక్క. అందుకే దానికంత విలువ. అయితే ఒక విషయం ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నీకు చెప్పి ఉండరు. రిఫైనరీలు, పవర్ ప్లాంట్లు ఎక్కువగా పాటించే ఏఎస్‌ఎమ్‌ఈ సెక్షన్ 9 (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం పెట్టిన వెల్డింగ్ నియమాలు) ప్రకారం వెల్డర్‌కు టెస్ట్ పెట్టి అర్హత ఇవ్వాల్సిన బాధ్యత అతన్ని పనిలో పెట్టుకునే కంపెనీదే. ఒక కంపెనీ ఇచ్చిన అర్హత మామూలుగా ఆ కంపెనీ పనికే చెల్లుతుంది. అందులోనూ ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది, మళ్లీ టెస్ట్ ఇవ్వాలి. ఇక ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే 'అంతర్జాతీయ సర్టిఫికెట్' చూసి నిన్ను నేరుగా లైన్ మీదికి పంపే కంపెనీ ఎక్కడ ఉంటుంది? దుబాయ్‌లోనైనా, జామ్‌నగర్‌లోనైనా, మన పరవాడలోనైనా గేటు దగ్గర పైపు ముక్క ఇచ్చి చేసి చూపించమంటారు. అక్కడ నిన్ను లోపలికి పంపేది నీ చెయ్యి. ఫ్రేము కట్టించుకున్న కాగితం కాదు.

ఆ టెస్ట్ ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే నీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. విశాఖ చుట్టుపక్కల సైట్లలో ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు టెస్టుకి వచ్చిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. రెండు పైపు ముక్కల అంచులు వాలుగా చెక్కి ఉంటాయి. మధ్యలో రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టి టాక్, అంటే కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డ్ చుక్కలు, వేసుకోవాలి. మొదటి వరస, అంటే రూట్, ఆర్గాన్‌తో వేస్తారు. ఆ రూట్ పైపు లోపలివైపు సన్నటి గీతలా, చుట్టూ ఒకే మందంతో పొంగి కనిపించాలి. పైభాగంలో దాదాపు అందరూ బాగానే వేస్తారు. తడబడేది కింద, మేం ఆరు గంటల చోటు అనే దగ్గర. అక్కడ తల పైకెత్తి వేయాలి, కరిగిన లోహం కిందికి జారుతుంది, లోపల గీత పొంగాల్సింది పోయి లోతుకు వెళ్లిపోతుంది. రెండోది, ఫిల్లర్ వైర్ అయిపోయి ఆపి మళ్లీ మొదలుపెట్టే చోటు. అక్కడ గ్రైండర్‌తో అంచు పలచన చేయకుండా అలాగే కొనసాగిస్తే జాయింట్ అతకదు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఎక్స్‌రే ఫిల్మ్‌లో నల్లగీతగా బయటపడుతుంది. ఎక్స్‌రే లేకపోతే జాయింట్ నుంచి పట్టీలు కోసి యూ ఆకారంలో వంచుతారు. 3 మిల్లీమీటర్లు మించి నోరు తెరిస్తే ఇంటికే.

ఆరు గంటల చోట చెయ్యి కుదరడానికి ఒక్కటే దారి: పైపు ముక్కలు కోయడం, వేయడం, కోసి లోపల చూడడం, మళ్లీ వేయడం. ఏ శిక్షణ అయినా నీకు ఎన్ని ముక్కలు ఇస్తుందో దాన్నిబట్టే దాని విలువ కట్టు. నువ్వు అడ్వాన్సు కట్టిన ఇన్‌స్టిట్యూట్‌కి ఒకసారి వెళ్లి ఆఫీసు గదిలో కూర్చోకుండా వెనక్కి నడువు. స్క్రాప్ కుప్ప ఎక్కడుందో చూడు. వెల్డింగ్ చేసి, నిలువుగా కోసిన పైపు ముక్కలు ఆ కుప్పలో దండిగా ఉంటే అక్కడ నిజంగా నేర్పుతున్నట్టు. కుప్పే లేకపోతే అక్కడ నేర్పుతున్నది సెల్ఫీలు దిగడమే. ఒక ఆర్గాన్ సిలిండర్ దగ్గర ఎంతమంది కాచుకుని ఉన్నారో చూడు. 7018 అనే రకం వెల్డింగ్ రాడ్లు పెట్టుకునే ఓవెన్ ఉందా, వేడిగా ఉందా చూడు. ఆ రాడ్లు తేమ పీలిస్తే వెల్డ్‌లో హైడ్రోజన్ చేరి పగుళ్లు వస్తాయి, అందుకే వాటిని ముందు బేక్ చేసి, వేడిగా ఉంచి వాడాలి. ప్యాకెట్టు విప్పి బల్లమీద పడేసిన రాడ్లతో నేర్పే చోట పని నేర్చుకున్నవాడికి ఆ అలవాటే మిగులుతుంది. ఆఖరుగా, నేర్పే మాస్టారుని ఒక రూట్ వేసి చూపించమని అడుగు. పని తెలిసినవాడు సంతోషంగా వేస్తాడు.

ఇప్పుడు ఐటీఐ. ఏడాది వృథా అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. కొన్ని ఐటీఐలలో మెషీన్లు ఉంటాయి, రాడ్లు ఉండవు. కొన్ని ప్రైవేటు ఐటీఐలకు హాజరు కూడా అవసరం లేదు, ఫీజు కడితే చాలు. అలాంటివాటిలో చేరొద్దు. కానీ ఐటీఐ ఇచ్చేది చేతిపని ఒక్కటే కాదు. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, అది లేనివాడికి ఎంత చెయ్యి ఉన్నా ఆ తలుపులు తెరుచుకోవు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, రైల్వే వర్క్‌షాపులు ట్రేడ్ అప్రెంటిస్‌లుగా తీసుకునేది ఐటీఐ వాళ్లనే. రైల్వేలో టెక్నీషియన్ పోస్టులకీ ఆ సర్టిఫికెట్ అడుగుతారు.

వెల్డర్ ట్రేడ్ ఒక్క ఏడాదే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌లాగా రెండేళ్లు కాదు. నీకు టెన్త్ ఉంది కాబట్టి అర్హతకు ఇబ్బంది లేదు. ప్రభుత్వ ఐటీఐలో సీటు వస్తే ఫీజు నామమాత్రం. మన రాష్ట్రంలో టెన్త్ ఫలితాలు వచ్చాక వేసవిలో అడ్మిషన్ల కౌన్సెలింగ్ మొదలవుతుంది, ఆ నోటిఫికేషన్ వదులుకోకు. శ్రీకాకుళం జిల్లాలో దొరికినా సరే, విశాఖ కంచరపాలెంలో దొరికితే ఇంకా మేలు. చుట్టూ ఇండస్ట్రీ ఉంటుంది, అప్రెంటిస్ కబుర్లు ముందే చెవిన పడతాయి. ఏడాదిలో ఒక్క ఎలక్ట్రిక్ ఆర్క్‌తో సరిపెట్టరు, గ్యాస్ వెల్డింగ్, టిగ్ (మనవాళ్లు ఆర్గాన్ అనేది ఇదే), మిగ్ (మెషీనే వైరు అందించే వెల్డింగ్) కూడా సిలబస్‌లో ఉన్నాయి. డ్రాయింగ్ చదవడం, వెల్డింగ్ గుర్తులు, లోహాల గురించి థియరీ ఉంటాయి. షాపులో ఏడాది పని చేశావు కాబట్టి అక్కడ మిగతా కుర్రాళ్లు హోల్డర్ పట్టుకోవడం నేర్చుకునేసరికి నువ్వు మాస్టారు దగ్గర టిగ్ టార్చ్ అడిగి తీసుకోవచ్చు. థియరీని మాత్రం చులకన చేయకు. రైల్వే అప్రెంటిస్‌లకు రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి సగటు తీసి మెరిట్ వేస్తారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్ 1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం రిజర్వ్ చేస్తారు కూడా. నీ టెన్త్ మార్కులు ఇప్పుడు మార్చలేవు, ఐటీఐ మార్కులు నీ చేతిలో ఉన్నాయి.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్ తప్పకుండా చెయ్యి. చాలామంది కుర్రాళ్లు ఇక్కడే తొందరపడతారు. స్టైపెండ్ తక్కువ, కాంట్రాక్టర్ దగ్గర ఎక్కువ ఇస్తున్నాడని వెళ్లిపోతారు. నీ ఇంట్లో పరిస్థితికి ఆ తేడా బరువుగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా పెద్ద కంపెనీలో ఆ ఏడాది గడిపితే నీకు దొరికేది బయట ఎవరూ నేర్పరు: జాయింట్ ఎలా వేయాలో రాసి ఇచ్చే డబ్ల్యూపీఎస్ అనే కాగితం చదివి అందులో రాసిన ఆంపియర్లకే మెషీన్ పెట్టడం, జాయింట్ నంబరు రాయడం, ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడడం, రిపేర్ వస్తే ఎందుకొచ్చిందో ఒప్పుకుని సరిచేయడం. ఇవి వచ్చిన వెల్డర్‌కీ రానివాడికీ సైట్‌లో మొదటి రోజే తేడా తెలుస్తుంది.

ఆ తర్వాత పైపు. అప్పటికి నీ చెయ్యి తిరిగి ఉంటుంది కాబట్టి మంచి చోట పైపు టిగ్ మీద కొన్ని వారాల శిక్షణకు డబ్బు పెడితే ఆ డబ్బు వసూలవుతుంది. విశాఖలో షిప్‌బిల్డింగ్ కోసం పెట్టిన శిక్షణ సంస్థ సీఈఎమ్‌ఎస్‌లో వెల్డింగ్ కోర్సులున్నాయి. తిరుచిరాపల్లిలో బీహెచ్‌ఈఎల్ వాళ్ల వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1975 నుంచి నడుస్తోంది, దేశంలో వెల్డర్లు గౌరవంగా చెప్పుకునే చోటు. హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కూడా వెల్డింగ్ నేర్పుతుంది. ఇవేవీ వీసా ఇస్తామని చెప్పవు.

నువ్వు సలహా అడిగావు కాబట్టి నా ఇష్టం కూడా చెబుతాను: బాయిలర్ వైపు వెళ్లు. పవర్ ప్లాంట్ బాయిలర్లలో పని చేయాలంటే ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం టెస్ట్ పాసై, బాయిలర్ల శాఖ గుర్తింపు ఉన్న వెల్డర్ అయి ఉండాలి. దాన్నే సైట్లలో ఐబీఆర్ వెల్డర్ అంటారు, హెచ్‌పీ (హై ప్రెషర్) వెల్డర్ అని కూడా అంటారు. మళ్లీ మళ్లీ టెస్ట్ ఇచ్చి దాన్ని నిలుపుకోవాలి. సింహాద్రి లాంటి ప్లాంట్లలో షట్‌డౌన్ వచ్చినా, ట్యూబ్ లీకైనా ముందు వెతికేది వాళ్లనే. ట్యూబ్‌కీ ట్యూబ్‌కీ మధ్య చెయ్యి సరిగ్గా దూరని చోట, వెనకవైపు అసలు కనబడని జాయింట్‌ను అద్దం పెట్టి అందులో చూస్తూ వేస్తారు. అద్దంలో చెయ్యి కదలిక తిరగబడి కనిపిస్తుంది, అలవాటు కావడానికి చాలా కాలం పడుతుంది. అంత కష్టం కాబట్టే ఆ పని తెలిసినవాళ్లకు ఖాళీ ఉండదు. కార్ల ఫ్యాక్టరీల్లో రోబోలు వెల్డింగ్ చేస్తున్నాయి, పెనుకొండ కియాలో చూడొచ్చు. బాయిలర్ లోపలికి దూరి ట్యూబ్ రిపేర్ చేయడం మాత్రం ఇప్పటికీ మనిషి పనే.

ఇక గల్ఫ్. వెళ్లొద్దని నేను అనను. ఉద్దానంలో ఎన్ని ఇళ్లు ఆ డబ్బుతో నిలబడ్డాయో నీకు నాకంటే బాగా తెలుసు. ఎప్పుడు, ఎవరి ద్వారా వెళ్తున్నావన్నదే చూసుకోవాలి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ కూడా నీ దగ్గర సర్వీస్ చార్జీగా 30,000, దాని మీద జీఎస్టీ, అంటే 35,400కి మించి తీసుకోకూడదు. నిన్ను అడుగుతున్నది దానికి ఐదింతలు. కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా ఉంటుంది, ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు అందులో ఉందో లేదో వెతుకు. "మాకు ముంబైలో ఆఫీసు ఉంది, మేం వాళ్ల మనుషులం" అంటే నమ్మకు. సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు.

నీ విషయంలో ఇంకో చిక్కుంది. టెన్త్ పాసైనవాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ప్రభుత్వ క్లియరెన్స్ తప్పనిసరి) కిందికి రాదు. టెన్త్ లేనివాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం కాంట్రాక్టు చూసి క్లియరెన్స్ ఇస్తుంది. నీకు ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, నీ కాంట్రాక్టును మధ్యలో ఎవరూ చూడరన్నమాట. దొంగ ఏజెంట్లకు కావాల్సింది సరిగ్గా ఇలాంటి కుర్రాళ్లే. కాబట్టి ఆ తనిఖీ నువ్వే చేసుకోవాలి. ఇ-మైగ్రేట్‌లో నీలాంటివాళ్లు స్వచ్ఛందంగా నమోదు చేసుకునే వీలుంది, చేసుకో. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే వెళ్లొద్దు. వీసాలో, కాంట్రాక్టులో ఉద్యోగం పేరు వెల్డర్ అనే ఉండాలి. హెల్పర్ అనో లేబర్ అనో ఉంటే అక్కడ నీకు దొరికేది గ్రైండింగ్ మెషీనే. జీతం, డ్యూటీ గంటలు, ఓవర్‌టైమ్, బస, భోజనం కాగితం మీద ఉండాలి. నోటిమాటగా చెప్పినవి ఎయిర్‌పోర్టు దాటవు. విదేశీ ఉద్యోగాలకు పంపేందుకు ప్రభుత్వం నడిపే సంస్థ ఓమ్‌క్యాప్ మన ఆంధ్రకి ఉంది, తెలంగాణ వాళ్లకి టామ్‌కామ్ ఉంది. ముందు అక్కడ ఏమున్నాయో చూడు. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేసి అడుగు. ఐబీఆర్ టెస్ట్ పాసై, చేసిన జాయింట్ల రికార్డు చేతిలో పెట్టుకుని వెళ్లే వెల్డర్‌ని కంపెనీలే వెతుక్కుంటూ వచ్చి సొంత ఖర్చుతో తీసుకెళ్తాయి. ఆ స్థితికి చేరాక వెళ్లు.

మావయ్య షాపు సంగతి. ఆయన ప్రేమతోనే ఉండమంటున్నాడు, ఆయన దగ్గర నేర్చుకున్నది చిన్నదేమీ కాదు. కొలత తీయడం, మూలమట్టం చూడడం, వేడికి ఫ్రేము వంకర పోకుండా టాక్ వేసే వరస, కస్టమర్‌తో మాట్లాడడం, ఇవన్నీ ఐటీఐలో సరిగా రావు. సెలవుల్లో, సాయంత్రాలు షాపుకి వెళ్లు, ఇంటికి నాలుగు డబ్బులు కూడా వస్తాయి. కానీ అక్కడే ఉండిపోతే నీ జీవితంలో పైపు రాదు, టిగ్ రాదు, ఎక్స్‌రే ఫిల్మ్ రాదు. అన్నీ తెలిసినవాడిగా నలభై ఏళ్లకు తిరిగి వచ్చి ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకోవచ్చు. ఇప్పుడు షాపులో ఉండిపోయి నలభై ఏళ్లకు పైపు నేర్చుకోవడం చాలా కష్టం. మావయ్యకి ఈ మాట నువ్వే నెమ్మదిగా చెప్పు, అమ్మ చేత చెప్పించకు.

అమ్మ భయం సరైనదే. కాకపోతే ఆమె కళ్ల గురించే ఆలోచిస్తోంది, నేను ఊపిరితిత్తుల గురించి కూడా ఆలోచిస్తున్నాను. చాలా గ్రిల్స్ షాపుల్లో చేత్తో గ్లాసు అడ్డం పెట్టుకోవడం, టాక్ వేసేటప్పుడు కళ్లు మూసుకుని తల పక్కకి తిప్పడం చూస్తుంటాం. నువ్వూ అలాగే చేస్తుంటే ఇవాళే మానెయ్. హెల్మెట్ కొనుక్కో, రాడ్ వెల్డింగ్‌కి 10 లేదా 11 నంబరు గ్లాసు వెయ్యి. రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండితే బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని పడుకోవద్దు, నలపొద్దు, మెడికల్ షాపులో తోచిన చుక్కలు వేసుకోవద్దు, డాక్టర్‌కి చూపించు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2017లో తేల్చింది. పొగ పైకి వస్తుంటే దాని మీదికి వంగి పని చేయకు, గాలి వాటం చూసి పక్కన నిలబడు, మాస్క్ పెట్టుకో. జీఐ పైపుకి వెల్డింగ్ చేసేముందు పైనున్న జింకు పూత గ్రైండ్ చేసెయ్, లేకపోతే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. ట్యాంకు లోపలో, పెద్ద పైపు లోపలో ఆర్గాన్ వాడుతుంటే గాలి చూసేవాళ్లు, బయట కాపలా మనిషి లేకుండా దిగొద్దు. ఆర్గాన్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, ఆక్సిజన్‌ని తోసేస్తుంది.

నీకు ప్రత్యేకంగా ఒక మాట. నాన్నగారి జబ్బు ఉద్దానంలో ఎన్ని ఇళ్లల్లో ఉందో తెలుసు. వేడిలో చేసే పని ఎంచుకుంటున్నావు, నీళ్లు తాగడం నిర్లక్ష్యం చేయకు, ఒళ్లు నొప్పులకు రోజూ పెయిన్ కిల్లర్ మింగే సైట్ అలవాటు అంటించుకోకు. ఏడాదికోసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకో. పెద్ద కంపెనీలు ఎలాగూ మెడికల్ అడుగుతాయి.

ఇంటర్‌లో పోయిన రెండు సబ్జెక్టులకీ ఐటీఐ చదువుతూనే ఫీజు కట్టి రాసెయ్. ముందుముందు సూపర్‌వైజర్ అవ్వాలన్నా, ఇన్‌స్పెక్షన్ వైపు వెళ్లాలన్నా, ఐటీఐలో మాస్టారుగా చేరాలన్నా చదువు కాగితం అడ్డు పడకూడదు.

ఇక ఆ పదివేలు. ఫోన్‌లో అడగొద్దు. కోర్సులో చేరడం లేదు, అడ్వాన్సు తిరిగి ఇవ్వమని తారీఖు వేసి ఒక ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపు, నకలు దగ్గర ఉంచుకో. రసీదు ఇచ్చి ఉంటే దాని ఫొటో, ఇవ్వకపోతే ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వీసా ఇప్పిస్తామని పంపిన వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ భద్రం చేసుకో. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంటే మాత్రం రేపే వెళ్లి తెచ్చుకో, మావయ్యని వెంటబెట్టుకుని వెళ్లు. ఇవ్వనంటే సోంపేట పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వు. డబ్బు రావడానికి టైం పట్టొచ్చు, పాస్‌పోర్టు మాత్రం ఒక్క రోజు కూడా అక్కడ ఉంచకు.